వంతెన మీద నిలబడ్డవాడు

ఫణీంద్ర కష్టం వింటే నవ్వొస్తుంది. ఆడిన ప్రతి పోరూ గెలిచాడు. గెలిచి గెలిచి, చివరికి ఎదురుగా కూర్చుని ఆడే మనిషి లేకుండా చేసుకున్నాడు.

పెడనలో జలీల్ సాహెబ్ అని అచ్చులు చెక్కే పెద్దాయన ఉన్నారు. కలంకారీ గుడ్డల మీద పువ్వులూ తీగలూ అద్దే టేకు అచ్చులు. అచ్చు చెక్కగా మిగిలిన ముక్కల్ని ఆయన పారేయరు. చిటికెన వేలంత సైనికుల్ని చేస్తారు. ఒకడి చేతిలో ఈటె, ఒకడి చేతిలో విల్లు, ఒకడు ఊరికే నడుం మీద చేతులేసుకుని నిలబడతాడు.

ఆదివారం అద్దకానికి సెలవు. ఆ మధ్యాహ్నం ఆయన షెడ్డులో అద్దకం బల్ల యుద్ధభూమి అవుతుంది. నీలం గుడ్డ పరిస్తే కాలువ. అరిగిపోయిన పాత అచ్చులు పేరిస్తే ఊరు. పొడుగాటి అంచు అచ్చును కాలువకు అడ్డంగా పెడితే వంతెన. ఆ ఊరి కోసం పెద్ద పెద్ద మనుషులు పాచికలు వేసుకుని, బద్దతో దూరాలు కొలుచుకుని, బొమ్మలతో కొట్లాడుకుంటారు. ఆట జలీల్ సాహెబ్‌దే, నియమాలూ ఆయనవే. అందుకని ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు.

మనిషికి పది బొమ్మలు. ఆ పదిమందినీ దండు అంటారు. అసలు తమాషా ఏమిటంటే, ఒక ఆదివారం పోరు ఆ ఆదివారంతో తీరిపోదు. ఇవాళ కాలు విరిగినవాడు వచ్చే వారం కుంటుతూనే రావాలి. ఇవాళ చచ్చినవాడు ఇక రాడు. బతికి గెలిచినవాడు మెట్టు మెట్టుగా రాటుదేలతాడు. ఏడాది పొడుగునా ఇలా సాగేదానికి యాత్ర అని పేరు. ఆ నియమాలన్నీ ఉస్తాద్ ఎప్పుడో ఒక లాంగ్ నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. పుస్తకం మీద ఎర్రరంగు మరకలున్నాయి గానీ కొట్టివేతలు లేవు.

ఈ ఏటి యాత్రలో నలుగురు. అద్దకం పనిచేసే అన్నదమ్ములిద్దరు. బందరులో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఫణీంద్ర. ఆర్టీసీలో ముప్పై ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరైన ఏసుపాదం.

ఫణీంద్ర దండులో పదికి పదిమందీ బతికే ఉన్నారు. నాయకుడు ఐదో మెట్టు ఎక్కాడు. ఏసుపాదం దండులో ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురితో ఆయన వస్తాడని అందరూ అనుకున్నారు. మొదటి ఆదివారం మోకాలు నొప్పన్నాడు. రెండో ఆదివారం చుట్టాలొచ్చారన్నాడు. మూడో ఆదివారం కబురు కూడా పంపలేదు. ఆయన లేకపోయేసరికి అన్నదమ్ములకీ ఏవేవో పనులు గుర్తొచ్చాయి. యాత్ర మధ్యలో నిలిచిపోయింది.

ఫణీంద్రకు దిగులు పట్టుకుంది. ఆట ఆగినందుకు కాదు, ఏసుపాదం లేనందుకు. రెండేళ్ల కిందట ఈ షెడ్డులోకి కొత్తగా అడుగుపెట్టినప్పుడు అతనికి ఇక్కడ ఎవరూ తెలీదు. "రావయ్యా లెక్కల మాస్టారూ, కూర్చో, సీటుంది" అని పక్కన చోటిచ్చింది ఆయనే. బద్ద ఎలా పట్టుకోవాలో, కొండ వెనక దాక్కున్నవాడికి బాణం ఎందుకు తగలదో చూపించింది ఆయనే. పాచిక వేసే ముందు ఆయన "రైట్ రైట్!" అని అరిచేవాడు. ఆ కేక లేకుండా షెడ్డు బోసిగా ఉంది.

ఆయన ఎందుకు రావడం లేదో ఫణీంద్ర ఆలోచించాడు. లెక్కలవాడు కదా, కారణం కోసం ముందు సూత్రంలోకే చూశాడు. తప్పు నియమాలదని తేల్చాడు.

తేల్చి ఊరుకోలేదు. రెండు వారాలు కూర్చుని, ప్రపంచంలో ఇలాంటి బొమ్మల పోరాటాలు ఇంకెవరెవరు ఎలా ఆడుతున్నారో ఇంటర్నెట్ అంతా గాలించాడు. మూడు నియమావళులు అచ్చు తీయించి, స్పైరల్ వేయించి, మూడు రంగుల అట్టలు పెట్టించాడు. వాటిని పోల్చుతూ ఒక పెద్ద పట్టిక గీశాడు. నిలువు గడులు పదకొండు, అడ్డం గడులు తొమ్మిది. అది చూస్తే ఎవరికైనా చెమటలు పడతాయి. అతనికి మాత్రం గర్వంగానే ఉంది.

నాలుగో ఆదివారం పన్నెండున్నరకే ఉస్తాద్ దగ్గరికి వెళ్లాడు.

"ఉస్తాద్, మన యాత్రలో ఒక లోపం ఉంది."

ఉస్తాద్ ఒక ఆకు అచ్చుకు ఈనెలు తీస్తున్నారు. ఉలి ఆపలేదు. "చెప్పు."

"గెలిచినవాడికి బలం పెరుగుతుంది. బలం పెరిగినవాడే మళ్లీ గెలుస్తాడు. ఓడినవాడు ఒకసారి కిందపడ్డాడంటే ఇంక లేవడం ఉండదు. ఏసుపాదం బాబాయ్‌ని తరిమేసింది మన నియమాలే."

"నియమాలేనంటావా?"

"నూటికి నూరుపాళ్లు. పట్టిక చూడండి."

ఉస్తాద్ కళ్లద్దాలు పైకి తోసుకుని పట్టిక వైపు చూశారు. కొంతసేపు చూసి మళ్లీ కిందికి దించుకున్నారు. "నువ్వే చెప్పు. నాకు ఇంత చిన్నక్షరాలు ఆనవు."

ఫణీంద్రకు కావలసిందీ అదే. పుస్తకాలు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు.

"ఈ ఎర్రట్టలో మనలాగే, చచ్చినవాడు చచ్చినట్టే. కాకపోతే ఓడినా సరే, ప్రాణాలతో బయటపడ్డవాడికి కూడా అనుభవం లెక్కేస్తారు. కాబట్టి ఓడినవాడూ కాస్త కాస్త ఎదుగుతాడు. ఈ నీలం అట్టలో అసలు యాత్రే లేదు. పోయినవారం ఏం జరిగిందో ఈ వారానికి ఎవరికీ గుర్తుండదు, అందరూ కొత్తగా లేచొస్తారు. పేచీ లేదు, పస కూడా లేదు. ఇదుగో, ఈ ఆకుపచ్చది ఉందే, దీన్ని రాసినవాడి బుర్రే బుర్ర! దండు ఎంత చిన్నదైతే అంత సాయం. ముగ్గురో నలుగురో మిగిలితే నలుగురు కిరాయి వీరులు ఉచితంగా వస్తారు. చావడం కూడా అంత తేలిక కాదు, గాయాల పట్టికలో పాచిక వేసి చూడాలి."

"నీకు ఆకుపచ్చది నచ్చింది."

"నచ్చింది. కానీ మీరు సరేనంటేనే. మీరు సరేనన్నారని చెప్తే బాబాయ్ వస్తాడు."

ఉస్తాద్ ఉలి పక్కన పెట్టి ఒళ్లోని చెక్కపొట్టు దులుపుకున్నారు.

"చదివితే నాకు ఎక్కదు ఫణీ. ఆడి చూద్దాం. మీరిద్దరూ ఆడిన ఆఖరి పోరే మళ్లీ వేద్దాం. మూడు పుస్తకాల్లోనూ, మూడుసార్లు."

ఫణీంద్ర ముఖం వెలిగిపోయింది. అదే ఊరు, అదే కాలువ, అవే బొమ్మలు, నియమాలు మాత్రమే వేరు. పోలిక అంటే అలా ఉండాలి. ఈ ఉపాయం తనకు తట్టనందుకు కొంచెం సిగ్గుపడ్డాడు కూడా.

ఉస్తాద్ నీలం గుడ్డ పరిచారు. వంతెన పెట్టారు. ఏసుపాదం అక్కడే వదిలిన రేకుడబ్బాలోంచి ముగ్గుర్ని తీసి నిలబెట్టారు. తర్వాత చొక్కా జేబులోంచి నాలుగోవాణ్ణి తీశారు. ఒక కాలు చెక్కేసి ఉంది. ఏనాడో గాయపడితే ఏసుపాదం అప్పుడే చాకుతో కాలు చెక్కి, చేతికి అగ్గిపుల్లంత కర్ర అతికించాడు.

"చెక్కపొట్టులో దొరికాడు, ఊడుస్తుంటే" అన్నారు ఉస్తాద్.

"ఆఁ" అన్నాడు ఫణీంద్ర. అతను ఎర్రట్టలో మూడో పేజీ వెతుకుతున్నాడు.

మొదటి పోరు మొదలైంది. ఉస్తాద్ దండు నలుగురూ కాలువకు ఇవతల చిక్కుకున్నారు. ఫణీంద్ర పదిమందీ మీదికొస్తున్నారు. ఉస్తాద్ తొందరపడలేదు. నాయకుణ్ణి వంతెన దాటించారు. మిగతా ఇద్దరినీ దాటించారు. కుంటివాణ్ణి తెచ్చి వంతెన నడిమధ్యన నిలబెట్టారు.

"ఉస్తాద్, ఆ రోజు బాబాయ్ కూడా ఇదే తప్పు చేశాడు."

"ఏం తప్పు?"

"కుంటివాణ్ణి ఒంటరిగా వదిలేశాడు. వాడు ఒక్కడు పదిమందిని ఆపగలడా? పోతాడని ముందే తెలుసు కదా. వాణ్ణి అడ్డం తిప్పి పొదల్లోకి పంపితే దక్కేవాడు."

"అవునా" అన్నారు ఉస్తాద్. బొమ్మను మాత్రం కదపలేదు.

పాచికలు పడ్డాయి. కుంటివాడు రెండు విడతలు నిలబడ్డాడు, మూడో విడతలో పోయాడు. ఫణీంద్ర చేతిలోని బద్ద కొసతో వాణ్ణి వంతెన మీంచి పక్కకు నెట్టాడు. కళ్లు అప్పటికే పుస్తకంలో ఉన్నాయి. "చూశారా, ఎర్రట్టలో మీ ముగ్గురికీ తలా ఒక మార్కు అనుభవం" అంటూ పట్టికలో రాసుకున్నాడు. బల్ల అంచున పడి ఉన్న బొమ్మను ఉస్తాద్ తీసి నిలబెట్టారు.

రెండో పోరు నీలం అట్ట. ఉస్తాద్ మళ్లీ అలాగే ఆడారు. ముగ్గురు దాటారు, కుంటివాడు వంతెన మీద ఆగాడు. ఈసారి మొదటి విడతలోనే పోయాడు. బద్ద కొస మళ్లీ వాణ్ణి తోసేసింది. "ఇందులో ఏమీ జరగనట్టే, వచ్చే వారం లేచొస్తాడు" అని ఫణీంద్ర రాసుకున్నాడు. ఉస్తాద్ మళ్లీ తీసి నిలబెట్టారు.

మూడోది ఆకుపచ్చ అట్ట. నలుగురు కిరాయి వీరులొచ్చి ఉస్తాద్ దండు ఎనిమిదైంది. పోరు రంజుగా సాగింది. ఫణీంద్ర మనుషులు ఇద్దరు పడ్డారు. అతనికి అది కూడా సంతోషంగానే ఉంది, తన వాదం రుజువవుతోంది కాబట్టి. అంత బలముండి కూడా ఉస్తాద్ చివరికి అందరినీ దాటించి కుంటివాణ్ణే వంతెన మీద నిలబెట్టారు.

"మీరు ఏసుపాదం బాబాయ్‌ని మించిపోయారు ఉస్తాద్!" అని నవ్వాడు ఫణీంద్ర. పాచిక వేశాడు. ఆరు. బద్ద విసురుగా తగిలింది. బొమ్మ బల్ల దాటి గచ్చు మీద టక్కున పడి, ఎటో దొర్లిపోయింది.

"ఇప్పుడే అసలు మజా. గాయాల పట్టిక!" అంటూ అతను రెండో పాచిక అందుకున్నాడు.

ఉస్తాద్ లేచారు. డెబ్బై దాటిన మనిషి. బల్ల కోడు పట్టుకుని ఒక మోకాలు వంచారు, కాసేపాగి రెండో మోకాలు వంచారు. బల్ల కిందికి దూరారు. చెక్కపొట్టులో అరచేత్తో తడుముతున్న చప్పుడు వినబడుతోంది.

"నాలుగు పడింది ఉస్తాద్! అంటే చావలేదు, ఒక్క వారం విశ్రాంతి" అని ఫణీంద్ర బల్ల మీంచే కేకేశాడు.

"ఊఁ" అన్నారు ఉస్తాద్ కింద నుంచి. తడమడం ఆగలేదు.

చాలాసేపైంది. ఫణీంద్ర పట్టికలో ఆఖరి గడి నింపి, కలం మూతపెట్టి, ఎదురుగా చూశాడు. ఖాళీ కుర్చీ. అప్పుడు గబగబా వంగి చూశాడు. ఉస్తాద్ గోడ మూలదాకా పాక్కుంటూ వెళ్లి ఉన్నారు. బొమ్మను రెండు వేళ్లతో పట్టుకుని, ముఖం మీది దుమ్ము ఊది, పంచె కొంగుతో తుడుస్తున్నారు.

"నాతో చెప్తే నేను తీసేవాణ్ణిగా!"

"నువ్వు పనిలో ఉన్నావు."

ఫణీంద్ర ఆయన్ని లేపి కూర్చోబెట్టాడు. ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆగి, అడగలేక అడగలేక అడిగాడు. "ఏది తీసుకుందాం ఉస్తాద్?"

"మూడూ బాగున్నాయి. రాసినవాళ్లు పెద్దవాళ్లు. ఏదైనా పర్లేదు." ఉస్తాద్ బొమ్మను అతని ముందు నిలబెట్టారు. "వీడి పేరేంటి?"

ఫణీంద్ర పట్టిక చూశాడు. "ఏ-నాలుగు."

"అది నీ పట్టికలో పేరు. వాళ్లింట్లో ఏమని పిలుస్తారు?"

ఫణీంద్ర పట్టిక పక్కన పెట్టాడు. ఏసుపాదం ప్రతి బొమ్మకూ ఏదో పేరు పెట్టుకున్నాడని తెలుసు. పోరు మధ్యలో పిలుస్తూ ఉండేవాడు. ఎనిమిది నెలలు ఎదురుగా కూర్చుని ఒక్క పేరూ వినలేదు.

"తెలీదు ఉస్తాద్."

"పేరు తెలీనివాణ్ణి ఇక్కడ ఎన్నాళ్లు పెట్టుకుంటాం? ఇంటిదగ్గర దింపేసి రా."

అంతే. ఆయన మళ్లీ ఉలి అందుకున్నారు.

ఏసుపాదం ఇల్లు రైలుగేటు అవతల. బండి మీద ఐదు నిమిషాలు. గేటు పడి ఉంది. రైలు కోసం ఆగి, జేబులో బొమ్మను తడుముకుంటున్నప్పుడు, ఫణీంద్రకు ఆ టక్కుమన్న చప్పుడు ఇంతకుముందు విన్నట్టనిపించింది.

ఎక్కడో కాదు. ఆ ఆఖరి పోరులోనే. ఇదే బద్ద. ఇదే విసురు. బొమ్మ ఎగిరి చెక్కపొట్టులో పడితే అన్నదమ్ములు పకపకా నవ్వారు. తను "ఐదో మెట్టు!" అని అరుస్తూ నాయకుడి పక్కన గీత గీసుకుంటున్నాడు. ఏసుపాదం కిందికి వంగి పొట్టులో చేత్తో వెతికాడు. పాచిక పడిపోయిందేమో అనుకున్నాడు తను. కాసేపటికి ఆయన లేచి, చేతులు దులుపుకుని, వెళ్లొస్తానని చెప్పి వెళ్లిపోయాడు. తను తలెత్తి చూడలేదు కూడా.

రైలు పోయింది. గేటు లేచింది. వెనకవాడు హారన్ కొడితే గానీ ఫణీంద్ర బండి తీయలేదు. వెనక్కి తిప్పేద్దామా అనిపించింది. ముఖం చెల్లదనిపించింది. అయినా వెళ్లాడు.

ఏసుపాదం వసారాలో నులకమంచం బిగిస్తున్నాడు. మోకాలు బాగానే ఉన్నట్టుంది, మంచం పట్టె మీద తన్నిపెట్టి తాడు లాగుతున్నాడు.

"ఏంటి మాస్టారూ, దారి తప్పారా?" అన్నాడు. ఎప్పుడూ నువ్వు అనే మనిషి. ఆ మీరు ఫణీంద్రకు గుచ్చుకుంది.

"దింపడానికొచ్చా బాబాయ్." జేబులోంచి బొమ్మను తీసి అరచేతిలో పెట్టుకుని చూపించాడు. "వీడి పేరు నాకు తెలీదు. క్షమించు."

ఏసుపాదం తాడు వదిలేశాడు. చేతులు లుంగీకి తుడుచుకుని బొమ్మను తీసుకున్నాడు. ఎండలోకి పట్టి చూశాడు. కర్ర విరగలేదు.

"వడ్లమన్నాడు" అన్నాడు.

"ఊరి పేరా?"

"అందరికీ స్టాపుల పేర్లేగా నేను పెట్టింది. గుడివాడ రూట్లో వెళ్లేప్పుడు వడ్లమన్నాడు దగ్గర ఎప్పుడూ ఒక ముసలాయన కర్ర పట్టుకుని నిలబడి ఉండేవాడు. వానైనా, ఎండైనా. ఎక్కుతాడేమోనని ఆపేవాణ్ణి. ఆయన ఎక్కడు. ఎవరినో ఒకర్ని ఎక్కించడానికి వచ్చేవాడు. వాళ్లు సీట్లో కూర్చున్నాక, సరే పోనీ అన్నట్టు చెయ్యి ఊపేవాడు." ఏసుపాదం నవ్వబోయి ఆపుకున్నాడు. "వీడు తొమ్మిది పోరులు చూశాడయ్యా. నాలుగోదాంట్లో కాలు పోయింది."

ఏసుపాదం పక్కకు జరిగి మంచం పట్టె మీద చోటిచ్చాడు.

"నేను ఆ రోజు సరిగ్గా చూసుకోలేదు, అవతలి ఇద్దరి సంగతే చూస్తన్నా. దగ్గరుండి చూసినోడివి నువ్వు. ఎలా పోయాడు?"

"నాకు ఆరు పడింది బాబాయ్, నీకు రెండు…"

"అది పాచిక సంగతి. వీడి సంగతి అడుగుతున్నా."

ఫణీంద్ర తలొంచుకున్నాడు. చెప్పడానికి మొదలుపెట్టి, మాట ఎక్కడ ఎత్తుకోవాలో తెలియక ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు.

"మీ నాయకుడు ముందు దాటాడు. మిగతా ఇద్దరికీ ఇంకా రెండు విడతల దూరం ఉంది. మావాళ్లు అప్పటికే గట్టు దాకా వచ్చేశారు. వీడు వంతెన మధ్యకొచ్చి ఆగాడు. పక్కన పొదలున్నాయి, పోవాలంటే పోవచ్చు. పోలేదు. మావాడు మొదటిసారి కొట్టాడు, తగల్లేదు. రెండోసారి కొట్టాడు. అప్పటికి మీవాళ్లలో ఒకడు దాటాడు. వీడు ఇంకా అక్కడే…"

బొమ్మ కోసం ఏడవడమేమిటని సిగ్గేసింది, అయినా కళ్లు నిండాయి.

"రెండోవాడు దాటేదాకా నిలబడ్డాడు బాబాయ్. వాడు అవతలి ఒడ్డు మీద కాలు పెట్టాకే వీడు పడ్డాడు. ముందుకే పడ్డాడు."

ఏసుపాదం బొమ్మను గుప్పిట్లో పెట్టుకున్నాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లాడు. గుమ్మంలోంచి ఫణీంద్రకు కనిపించింది. టీవీ పక్కన బల్ల మీద ఆరు బొమ్మలు వరసగా ఉన్నాయి. ఏసుపాదం వాటిని కాస్త సర్ది ఏడోవాణ్ణి నిలబెట్టాడు.

బయటికొచ్చి మంచం తాడు మళ్లీ అందుకున్నాడు. "ఆ కొస పట్టుకో. గట్టిగా లాగు. లెక్కలు చెప్పేటోడికి బలం లేదనుకున్నానే!"

ఇద్దరూ కలిసి మంచం బిగించారు. ఆఖరి ముడి వేస్తూ ఏసుపాదం అడిగాడు. "ఆదివారం ఎన్నింటికి?"

"రెండింటికి. బాబాయ్, కొత్త నియమాలు కొన్ని ఉన్నాయి. నలుగురు కిరాయి వీరుల్ని ఇస్తారు."

"నాకెందుకయ్యా వాళ్లు? ముగ్గురున్నారు చాలు."

ఫణీంద్ర షెడ్డుకు తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఉస్తాద్ నీలం గుడ్డ మడతపెడుతున్నారు. మూడు పుస్తకాలూ పట్టికా బల్ల కొసన అలాగే ఉన్నాయి. పక్కన ఫణీంద్ర పదిమందీ వరసగా నిలబడి ఉన్నారు, ఒక్కడికీ చిన్న గీత కూడా పడకుండా.

"దింపావా?"

"దింపాను. ఆదివారం వస్తానన్నాడు."

ఉస్తాద్ తలూపారు. ఫణీంద్ర తన నాయకుణ్ణి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ముక్కు కొంచెం వంకర ఉంది. ఇన్నాళ్లూ గమనించలేదు.

"ఉస్తాద్, నా పదిమందిలో ఒక్కడికీ పేరు లేదు."

ఉస్తాద్ గుడ్డ మడత అరచేత్తో సాపు చేశారు.

"ఆదివారానికి ఇంకా వారం రోజులుంది" అన్నారు.